పెద్దమ్మ కూర్చున్న రోజు

"ఒక్క రోజైనా కూర్చున్న మనిషి కాదు" అన్నారు అందరూ. మా పెద్దమ్మ కర్మ రోజున, కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో ఆ పాత ఇంటి ముందు వేసిన షామియానా కింద, అరటాకుల ముందు కూర్చుని, పాయసం జుర్రుకుంటూ అన్నారు. ఒకరి తర్వాత ఒకరు అదే మాట. ఆఖరి వారం దాకా తన బట్టలు తనే ఉతుక్కుందట. ఆసుపత్రికి తీసుకుపోతుంటే కూడా పొయ్యి మీద పాలున్నాయి చూడండని చెప్పి బండెక్కిందట. "పుణ్యాత్మురాలు, ఎవరికీ తొందరవు ఇయ్యలేదు" అని ఒకావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తొందరవు అంటే మా తమిళనాటి తెలుగిళ్ళలో ఇబ్బంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అదేం పొగడ్త? ఎనభై ఏళ్ళ దరిదాపు బతికిన మనిషి గురించి చెప్పుకోవడానికి వీళ్ళకు ఇంతకంటే మంచి మాటే దొరకలేదా? ఆమె నవ్వితే ముందు భుజాలు కదిలేవి, తర్వాతే శబ్దం వచ్చేది. అది చెప్పొచ్చు. తమిళంలో బేరమాడి, తెలుగులో తిట్టుకుంటూ తిరిగొచ్చేది. అది చెప్పొచ్చు. ఊహూఁ. కూర్చోలేదు, కూర్చోలేదు అని ఊదరగొట్టారు. పైగా అది అబద్ధం. పెద్దమ్మ ఒక రోజు కూర్చుంది. నేను నా కళ్ళతో చూశాను. ఆకు మడిచి లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చి ఫోన్ తీస్తే మా అమ్మాయి ప్రియ పంపిన మెసేజ్. పక్క గదిలో ఉంటూనే నాకు మెసేజ్‌లు పంపుతుంది, అదొక జబ్బు. ఈసారి బొమ్మలో ఎర్రగా పచ్చగా ఆకులు రాలిన బాట, ఆ బాట మీద ఒక తెల్లమ్మాయి పెద్ద కప్పుతో ఏదో తాగుతోంది. శరత్తు వచ్చింది, చెట్టు ఆకుల్ని వదిలేసినట్టు మీరూ మీ భారాలు వదిలేయండి, మీ కోసం మీరు కొంచెం బతకండి, కొత్తగా మొదలుపెట్టండి అని కింద రాసి ఉంది. ఏ చెట్టమ్మా ఆకులు వదిలేది మా కోయంబత్తూరులో? తమిళ నెలల్లో పెరటాసి పోయి ఐప్పసి వచ్చిందంటే ఇక్కడ వాన. ఉన్న చెట్లు ఇంకా పచ్చబడతాయి. ఉతికిన బట్ట ఆరదు, రుబ్బిన పిండి పులవదు. నేను భారం వదిలేస్తే ఆ పిండి ఎవరు రుబ్బుతారు?

పిండి అంటే ఇడ్లీపిండి. ఇంట్లోనే రుబ్బి అమ్ముతాను. మా ఆయన పోయిన తర్వాత మొదలుపెట్టాను. ప్రియ ఉద్యోగంలో చేరి, ఇక అవసరం లేదన్నా ఆపలేదు. మా వీధిలోనూ పక్క వీధిలోనూ చాలా ఇళ్ళలో పొద్దున ఆవిరి పట్టేది నా పిండే. దాని ఫలితం నా కుడి మణికట్టు. నరం నొక్కుకుపోయిందంది డాక్టరమ్మ. పట్టీ బిగించి, "ఈ చేతికి ఇప్పుడైనా విశ్రాంతి ఇవ్వకపోతే కోసి సరిచెయ్యాల్సి వస్తుంది, అప్పుడు కూడా పట్టు మునుపటిలా రాకపోవచ్చు" అని చెప్పింది. ఇప్పటికే పొద్దున్నే జడ వేసుకోవాలంటే వేళ్ళు మాట వినడంలేదు. సరేనని తలూపి వచ్చి, ఆ సాయంత్రమే మినప్పప్పు నానబెట్టాను. ప్రియ నెత్తీనోరూ కొట్టుకుంది. అప్పటినుంచే ఈ ఆకుల బొమ్మలు.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. మాది కోయంబత్తూరు పక్కన కినత్తుకడవు. కొబ్బరితోటలే తప్ప ఆడపిల్లలకు కాలేజీ లేని ఊరు కాబట్టి, చదువుకోసం నన్ను పెద్దమ్మ ఇంట్లో దింపి వెళ్ళాడు నాన్న. ముందు కొట్టు, వెనక ఇల్లు. కొట్టులో పెదనాన్న బావి మోటార్లకు కావలసిన సామాను అమ్మేవాడు, చిన్నచిన్న రిపేర్లు కూడా చేయించేవాడు. కొట్లో పనివాళ్ళు, ఇంట్లో ఇద్దరు కొడుకులు, వచ్చేపోయే చుట్టాలు. అందరికీ మధ్యలో పెద్దమ్మ కాళ్ళ చప్పుడు.

ఆమె తినడం చూస్తే నాకు చిర్రెత్తుకొచ్చేది. వంటింటి గుమ్మానికి ఒక భుజం ఆనించి, గిన్నె అడుగున మిగిలిన కూరలోనే అన్నం కలుపుకుని, వీధివైపు చూస్తూ నాలుగు ముద్దలు మింగేది. కంచం పెట్టుకో పెద్దమ్మా అంటే, "ఒక కంచం కడిగే వేల మిగిలె కదా" అనేది. వేల అంటే పని. ఎవరింటికైనా వెళితే కుర్చీ అంచున కూర్చునేది, ఎవరో లేవమంటారన్నట్టు. చేతులు తడిగా ఉన్నా పొడిగా ఉన్నా కొంగుకు తుడుచుకుంటూనే ఉండేది. ఇంట్లో ఎవరు గొంతు సవరించుకున్నా, "ఏమి కావాలె? ఇదో వస్తి" అని లోపలినుంచి వినబడేది. దగ్గొచ్చినా అదే, ఆవలింతొచ్చినా అదే.

హాల్లో టీవీ సీరియల్ నడుస్తుంటే ఆమె వంటింట్లోంచే వినేది. కథంతా తెలుసు, ఒక్క మొహం తెలియదు. ఒకసారి ఏదో పత్రికలో ఆ సీరియల్‌లోని దుర్మార్గుడి ఫోటో చూపిస్తే నోటి మీద చెయ్యి వేసుకుంది. "వీడా వాడు? గొంతు విని ఎంత మంచోడో అనుకుంటినే! పావం, కన్నతల్లి ఏమి చేస్తుందో" అని ఆ రోజంతా బాధపడింది. రెండడుగులు ముందుకొచ్చి టీవీ ముందు కూర్చుంటే సరిపోయేదానికి, ఇన్నాళ్ళూ వాణ్ణి మంచివాడనుకుని బతికింది.

ఇతరుల ఒంటి సంగతి మాత్రం ఆమెకు బాగా పట్టేది. "చన్నీళ్ళు తల పోసుకోవద్దే కణ్ణు, ఐప్పసి చలి ఎముకల్లోకి పోతుంది." "కాళ్ళకు ఎన్నెయ్ రాసుకోని పండుకో." కణ్ణు అంటే బంగారుతల్లి, ఎన్నెయ్ అంటే నూనె. పరీక్షలప్పుడు నేను వద్దన్నా వినకుండా నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని ఆముదం పట్టించేది. దీపావళి తెల్లవారుజామున ఇంట్లో ప్రతి తలకూ నువ్వులనూనె మర్దనా చేసేది ఆమే. ఒక్కొక్కరినీ పీట మీద కూర్చోబెట్టి, మాడు మీద చెళ్ళున చరిచి, "పో, వేడినీళ్ళు కాగుండాయి" అని తోసేది. పండగకు ముందే శొంఠి, మిరియాలు, ఓమ దంచి, బెల్లంపాకంలో నెయ్యి పోసి లేహ్యం కలిపేది. పండగనాడు తిన్నదంతా అరగాలని అందరి నోట్లో తలా ఒక ఉండ పెట్టేది. తన వంతు వచ్చేసరికి నూనెగిన్నె ఖాళీ, కాగులో నీళ్ళు చల్లన, లేహ్యం గరిటెకు అంటుకున్నదే. ఒక వేలితో నూనెగిన్నె అడుగు తుడిచి నడినెత్తిన అద్దుకుని, "నాదీ ఆయె" అనేది. ఆ 'ఆయె' వింటే నాకు గిన్నె తీసి విసిరికొట్టాలనిపించేది.

నేను ఆ ఇంట్లో రెండో ఏడు ఉండగానే ఆమె చేతులు చెడ్డాయి. పొద్దున లేచేసరికి వేళ్ళు ముడుచుకుపోయి ఉండేవి. వేడినీళ్ళ చెంబులో ముంచి ఒక్కొక్కటే విప్పుకునేది. ఒంటినుంచి ఎప్పుడూ నొప్పులతైలం వాసన. చూపించుకో పెద్దమ్మా అంటే, "నాకేమి, రాయి మాదిరి ఉండాను" అనేది. చపాతీపిండి పిసుకుతుంటే పళ్ళు బిగించడం నాకు కనబడేది. ఒకసారి నేను చేస్తానని పిండి లాక్కోబోతే మోచేత్తో నన్ను పక్కకు నెట్టింది. ప్రేమతో కాదు, కోపంతోనే నెట్టింది. అది నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆ ఏడే ఆయుధపూజ నాడు ఆమె కూర్చుంది.

మాకు అది పెద్ద పండగ. కొట్లో ఉన్న పానాలు, సుత్తులు, డ్రిల్లు, తక్కెడ, ఇంట్లో కత్తిపీట, కత్తెర, కుట్టుమిషను, గ్రైండరు, చివరికి సైకిలు కూడా కడిగి తుడిచి, గంధం పూసి కుంకుమ పెడతారు. నా పుస్తకాలు కూడా ఆ వరసలోకే. పూజలో పెట్టినదాన్ని మర్నాడు విజయదశమి పూజ అయ్యేదాకా తాకకూడదు. చదవమని ఎవరూ అనరు కాబట్టి మాకు సంబరం. వంటింటి సామాను దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ కట్టడి గాలికిపోతుంది. కత్తిపీటకు బొట్టు పెట్టి, హారతి ఆరకముందే దాని మీద కూరగాయలు తరుగుతారు. ఇదేమిటని అడిగిన వాళ్ళు లేరు. తినొద్దా మరి?

కొట్లో పూజ అయింది. బూడిదగుమ్మడికాయ కుంకుమ పోసి వీధిలో పగలగొట్టారు. బొరుగులు, బెల్లం, శెనగపప్పు పంచుతున్నారు. ఇంతలో ఎవరో రైతు మోటారు మూత బిగించమని వస్తే, కొట్లో ఒక పనివాడు అలవాటుగా పూజలోంచి పానా తీశాడు. పెదనాన్న మండిపడ్డాడు.

"దించు కింద! బుద్ధి ఉండాదా? ఏడాదంతా అరగదీస్తుండాము, దానికి ఒక దినం నిమ్మది ఇయ్యొద్దా? అదేమన్నా మనిషా, నోరు తెరిచి అడగనీకి? మనమే తెలుసుకోని ఇయ్యాల."

పెద్దమ్మ అప్పుడే గుగ్గిళ్ళ తట్టతో లోపలినుంచి వచ్చింది. తట్ట చేతిలో పట్టుకుని ఆ మాటలన్నీ విన్నది. తట్ట నా చేతికిచ్చింది. పూజ ముందు పరిచిన అరటాకు దగ్గర పీట వేసుకుని కూర్చుంది. గిన్నెలో మిగిలిన గంధం తీసి, మణికట్టు దాకా రెండు చేతులకూ నింపాదిగా పూసుకుంది. ఒక్కో చేతి మీదా కుంకుమ పెట్టుకుంది. తర్వాత ఆ చేతులు రెండూ తీసి పానాల పక్కన, కత్తెర పక్కన అరటాకు మీద పెట్టింది.

"ఏమే, ఏంది ఇది?" అన్నాడు పెదనాన్న.

"ఆయుధం. పూజకు పెట్టినా."

ఆయన నవ్వాడు. పనివాళ్ళు కూడా నవ్వారు. "సరి సరి, చాలులే. పోయి కాపీ పెట్టు."

"రేపు పూజ అయినాక. ఇప్పుడు తాకకూడదు, మీరే కదా చెప్తిరి ఏనుంగ" అంది పెద్దమ్మ. ఏనుంగ అంటే ఏమండీ. గొంతులో వేళాకోళం లేదు.

పెదనాన్న దైవభక్తి గట్టిది. అమ్మవారి పటం వైపు చూశాడు, ఆ చేతుల మీది కుంకుమ వైపు చూశాడు. పూజలో పెట్టిన కుంకుమ చెరిపెయ్యమని ఎట్లా అంటాడు? అందరిముందూ అప్పుడే పానా గురించి అరిచి ఉన్నాడాయె. నోరు మూసుకుని చెప్పులేసుకుని వీధి చివరి హోటలుకు వెళ్ళాడు. నాకు గంతులెయ్యాలనిపించింది.

ఆ మధ్యాహ్నం ఆమెకు నేను అన్నం తినిపించాను. "మెతుకు దిగలేదే, చిన్నబిడ్డకు పెట్టినట్టు పెడుతుండావు" అని సిగ్గుపడింది. నోరు తెరువు, మాట్లాడకు అన్నాను. పెరుగన్నం తిని, హాల్లో చాప మీద పడుకుని, నిద్రపోయింది. పగలు ఆమె నిద్రపోవడం నేను మొదటిసారి చూశాను. చేతులు పొట్ట మీద వెల్లకిలా ఉన్నాయి. గంధం ఎండి బీటలిచ్చింది. నోరు కొంచెం తెరుచుకుంది, గురక కూడా పెట్టింది. అలా పడుకుంటే మా అమ్మ కంటే చిన్నదానిలా కనిపించింది.

సాయంత్రానికి వాన వెలిసి, పడమటి కొండల మీదినుంచి ఎండ పడింది. కిటికీ ఊచల మధ్య నుంచి వచ్చి హాలు నేలంతా పరుచుకుని ఎదురుగోడ దాకా పాకింది. పెద్దమ్మ లేచి కూర్చుని దాన్నే చూస్తోంది.

"ఈ వెలుతురు దినమూ వస్తుందా?"

"వాన లేకుంటే దినమూ వస్తుంది పెద్దమ్మా."

"నేను చూడనే లేదే" అంది. ఆ వేళకు ఆమె ఎప్పుడూ వంటింట్లో ఉండేది. వంటిల్లు తూర్పువైపు. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన రోజునుంచీ ఆ ఎండ ఆ హాల్లో పడుతూనే ఉంది. నాకు ఏడుపొచ్చింది, పెదనాన్న మీదా కోపమొచ్చింది, ఆమె మీదా వచ్చింది.

ఆ సాయంత్రం ఇల్లు హుషారుగా ఉంది. కొడుకులు పరోటాల పొట్లాలు తెచ్చారు. పెదనాన్న హోటలు పొంగలి తిని, మిరియాలు బాగా పడ్డాయన్నాడు. అందరూ హాల్లోనే కూర్చుని తిన్నారు, కాగితాలు చుట్టి పారేశారు, కడగడానికి గిన్నె లేదు. ఎవరైనా లేస్తే పెద్దమ్మ తల ఎత్తి, "ఏమి కావాలె?" అనేది. "ఏమీ వద్దుమా, నువ్వు సుమ్మా కూచో" అని ఎంతో ప్రేమగా చెప్పారు అందరూ. సుమ్మా అంటే ఊరికే. అలా ఎన్నోసార్లు అడిగింది, వాళ్ళు అన్నిసార్లూ అలాగే చెప్పారు. మేం గెలిచామనుకున్నాను. ఇకనుంచి ఈ ఇంట్లో కొత్త పద్ధతి మొదలవుతుందనుకున్నాను.

పొద్దున గ్రైండరు మోతకు మెలకువ వచ్చింది. పరుగెత్తుకెళ్ళి చూస్తే పెద్దమ్మ. చేతులు శుభ్రంగా కడుక్కుని ఉంది. గోళ్ళ సందుల్లో కూడా గంధం లేదు. గ్రైండరు మీద గంధం బొట్టు మాత్రం అలాగే ఉంది.

"పెద్దమ్మా! పూజ ఇంకా కాలేదు!"

"విడు. ఎంతసేపని సుమ్మా ఉండేది? పండగదినం ఇంట్లో వడ లేకుంటే ఎట్లా?"

"నిన్న లేదు కదా, ఎవరు చచ్చిపోయినారు?" అని అరిచాను. ఆమె పప్పు తోస్తూ ఉండిపోయింది. పెదనాన్న లేచొచ్చి కాఫీ గుక్క వేసి, "హోటలు కాపీ ఒక కాపీనా" అన్నాడు. కొడుకులు, "ఇదీ మా అమ్మ" అన్నారు. పెద్దమ్మ భుజాలు కదిలాయి, నవ్వింది. నా గ్లాసు నేను ఠక్కున నేలకు కొట్టి వెళ్ళిపోయాను.

ఆ తర్వాతి ఏడు నేనే గంధం ఎక్కువగా తీసి గిన్నె ఆమె ముందు పెట్టాను. తీసుకుని గ్రైండరుకు పూసి, పక్కకు జరిపేసింది. పెళ్ళయ్యాక కూడా ప్రతి పండక్కీ ఫోన్ చేసి, "పెట్టుకున్నావా?" అని అడిగేదాన్ని. "ఆ పిచ్చి ఒకసారికి పోదుం" అనేది. పోదుం అంటే చాలు. నా ప్రాణం విసిగిపోయింది. ఇంతమంది ఇళ్ళలో ఆడవాళ్ళు కూర్చోనిస్తే చాలని ఏడుస్తుంటే, ఈమెను కూర్చోమన్నా కూర్చోదు. ఎవరి కోసం ఈ పంతం?

కారణం చాలా ఏళ్ళకు చెప్పింది. పెదనాన్న పోయాడు. కొడుకులు వంటమనిషిని పెట్టారు. వంటమనిషి కడిగిన గిన్నెలు పెద్దమ్మ మళ్ళీ కడిగేది, ఆమె మానేసి వెళ్ళిపోయేది, ఇంకొకామె వచ్చేది. కొడుకులు నన్ను పిలిచి, నువ్వు చెబితే వింటుందేమో చెప్పమన్నారు. వెళ్ళాను. అప్పటికే పిండి రుబ్బి రుబ్బి నా చేతికి కూడా తిమ్మిర్లు మొదలయ్యాయి. పెద్దమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. వేళ్ళు పూర్తిగా వంకర తిరిగిపోయాయి. ఆ వేళ్ళతోనే కొత్తిమీర గిల్లుతోంది.

"ఆ రోజు ఎందుకు కడుక్కున్నావు పెద్దమ్మా?" అని అడిగేశాను. ఏ రోజని ఆమె అడగలేదు.

"ఆ దినం ఇల్లు బాగా జరిగె కదే" అంది.

"జరిగింది. అయితే?"

"పొద్దుటినుంచి చెవి పెట్టుకోని ఉంటిని. ఒకరు పిలుస్తారు, ఇంకొకరు పిలుస్తారు అనుకుంటి. అది ఎక్కడ పెట్టినావు, ఇది ఎట్లా చేసేది అని అడుగుతారు అనుకుంటి. ఒక్కరైనా పిలవలేదు. పొంగలి బాగుండాది అన్నాడు మీ పెదనాన్న. అందరూ నవ్వుతుండారు. నాకు భయమాయె."

"భయమేంది? అది మంచిదే కదా! నువ్వు లేకున్నా జరుగుతుందంటే ఇక హాయిగా కూర్చోవచ్చు కదా!"

"నీకు మంచిది. నేను లేకుండా జరిగిపోతే నేను ఎందుకు మరి? తెల్లారి ఎవరూ లేవకముందే పోయి కడుక్కుంటి."

నాకు కోపం ఆగలేదు. "ఇందుకా? ఈ మాట కోసమా ఇన్నేళ్ళు చేతులు పోగొట్టుకున్నావు? వాళ్ళు నీ మంచికే కదా కూచోమన్నారు! బుద్ధుండక్కర్లేదా?" అని అంత పెద్దమనిషిని పట్టుకుని కేకలేశాను. ఆమె నా మాట చెవినేసుకోలేదు. కొత్తిమీర పక్కన పెట్టి, నా కుడిచెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. బొటనవేలి కింద నొక్కింది. నేను అబ్బా అన్నాను.

"నీవు పిండి ఆపు చూద్దాం" అంది. అంతే. మళ్ళీ కొత్తిమీర అందుకుంది.

అది మా ఆఖరి పోట్లాట. ఆ తర్వాత చూసినప్పుడల్లా తిండి, ఒళ్ళు, వాన, ఇవే మాట్లాడుకున్నాం. ఇదిగో ఈ పెరటాసిలో పోయింది.

ఆమె పోయిన నెలకే ఈ ఏడు ఆయుధపూజ వచ్చింది. గ్రైండర్లు రెండూ కడిగి, గంధం పూసి, కుంకుమ పెట్టాను. ప్రియ తన లాప్‌టాప్ తెచ్చి పక్కన పెట్టి బొట్టు పెట్టింది. గిన్నెలో గంధం మిగిలింది. దాన్ని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. తర్వాత కుడిచేతి పట్టీ ఊడదీసి, రెండు చేతులకూ పూసుకున్నాను. ప్రియ అది చూసి చప్పట్లు కొట్టి ఫోటో తీసింది. "సూపర్ అమ్మా! ఇదే సెల్ఫ్ కేర్!" అంది. ఆ మాట ఇంకోసారి అన్నావంటే ఈ గంధం నీ మొహానికి పూస్తానన్నాను.

విశ్రాంతి తీసుకోండని చెప్పడానికి ఏం, ఆకుల బొమ్మలు పెట్టి ఎవరైనా చెబుతారు. విశ్రాంతి తీసుకుంటే ఏం తెలిసిపోతుందో ఒక్కరూ చెప్పరు.

సాయంత్రం ఫోన్ మోగింది. నా పాత వాడుక ఇల్లు. పిండి మొదలుపెట్టిన రోజునుంచీ వాళ్ళింట్లో నా పిండే. నీ పిండి లేకపోతే మా ఇంట్లో ఇడ్లీయే లేదక్కా అని ఎన్నిసార్లు అన్నదో ఆవిడ. నా చేతులకు గంధం ఉంది కాబట్టి ప్రియ స్పీకర్ పెట్టింది.

"అక్కా, మావు ఇల్లియా?" పిండి లేదా అని అడుగుతోంది తమిళంలో.

"లేదాంటీ. అమ్మ చెయ్యి బాగాలేదు. ఇక కొన్ని నెలలు ఉండదు" అంది ప్రియ, ఆమెకు తమిళంలోనే. కొన్ని నెలలని నేను చెప్పలేదు. దాని మొహం వంక గుర్రుగా చూశాను.

"అయ్యో, అప్పిడియా? పరవాలేదు కణ్ణు, కొట్లో పాకెట్టు తెచ్చుకుంటాం. అమ్మను బాగా చూసుకో" అని పెట్టేసింది. ఎంతో ప్రేమగానే అంది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

పరవాలేదట. పాకెట్టు తెచ్చుకుంటారట! నిన్నటిదాకా నా పిండికి సాటిలేదన్న మనిషి. లేచి నేరుగా వంటింట్లోకి వెళ్ళాను. అలమరలో పప్పు ఉంది, బియ్యం ఉంది. ఇప్పుడు నానబెడితే రేపటికి అందుతుంది. కుళాయి దగ్గర నిలబడ్డాను. మోచేత్తో తిప్పితే చాలు, గంధమంతా పోతుంది. తెల్లారి ఎవరూ లేవకముందే పెద్దమ్మ నిలబడింది కూడా ఇలాగే కదా అనుకున్నాను. ఇన్నేళ్ళు ఆమె మీద కేకలేశాను, ఆమె దేనికి భయపడిందో అది ఇప్పుడు నా కడుపులో ఉంది. భయంగానే ఉంది పెద్దమ్మా. నిజమే నువ్వు చెప్పింది. అయినా నాకు నీ మీద కోపం పోలేదు. ఒక్క రోజు, ఇంకొక్క రోజు ఆ భయంతోనే కూర్చుని ఉంటే ఏమయ్యేదో చూసి నాకు చెప్పి ఉండకూడదా? ఇప్పుడు నేను ఎవరిని అడగాలి?

"అమ్మా, ఏమన్నా కావాలా?" అని ప్రియ హాల్లోంచి అడిగింది.

"ఏమీ వద్దు" అన్నాను. తర్వాత, "ఆకలేస్తుండాది. వచ్చి తినిపించు" అన్నాను.

పెరుగన్నం కలిపి తెచ్చింది. ఉప్పు తక్కువైందన్నాను. నోరు మూసుకుని తినమంది. తిని హాల్లోకొచ్చి కూర్చున్నాను. మా ఇంట్లో ఎండ ఎటునుంచి పడుతుందో చూద్దామంటే బయట వాన. ఫోన్ ముందు పెట్టుకుని, ఇంకెవరైనా పిండి అడుగుతారేమోనని చెవి పెట్టుకుని ఉన్నాను. దీపాలు పెట్టే వేళ దాటిపోయింది, ఎవరూ ఫోన్ చెయ్యలేదు.

చేతులు మాత్రం కడుక్కోలేదు.